ఖాళీ డబ్బాయు, కొలరాడో నదియు

మానవుని చరిత్రను రాజుల శాసనములవలన తెలిసికొనుట యొక పద్ధతి. అతడు వాడి పారవేసిన వస్తువులవలన తెలిసికొనుట మరియొక పద్ధతి. పురావస్తు శాస్త్రజ్ఞులకు రెండవ పద్ధతియందే నమ్మకము ఎక్కువ. శాసనము పొగడ్త పలుకవచ్చును. పగిలిన కుండపెంకు మాత్రము పొగడ్త యెరుగదు. నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచిన చరిత్ర యట్టి అల్పవస్తువును గూర్చినది. పానీయము త్రాగిన పిదప చేతిలో మిగులు రేకుడబ్బా, దానిని కాలితో త్రొక్కి అణచు అలవాటు, ఆ అలవాటు అమెరికా పశ్చిమప్రాంతపు నదులపై రబ్బరు తెప్పలలో విహరించువారికి ఒక విధిగా మారిన క్రమము — ఇదియే నేటి ప్రసంగ విషయము.

విషయము స్వల్పమని శ్రోతలు త్రోసివేయరాదని మా మనవి. డబ్బాను అణచుట యనునది ఒకే పని, ఒకే దెబ్బ. అయినను కొద్ది దశాబ్దములలో దాని యర్థము తలక్రిందులయినది. ఒకప్పుడు డబ్బాను అణచినది దానిని నేలలో పాతిపెట్టుటకు. తరువాత అణచినది దానిని ఇంటికి మోసికొనిపోవుటకు. ఈ మార్పు వెనుక ఒక లోహము, ఒక ఆనకట్ట, కొన్ని శాసనములు, వేలకొలది యాత్రికులు కలరు. వానిని వరుసగా పరిశీలింతము.

కొలరాడో నది రాకీ పర్వతములలో పుట్టి, ఎడారి పీఠభూములను కోసికొనుచు నైఋతిదిశగా పారును. అరిజోనా రాష్ట్రమున అది తొలిచిన మహాలోయకు గ్రాండ్ కాన్యన్ అని పేరు. లీస్ ఫెరీ అను రేవునుండి గ్రాండ్ వాష్ కొండచరియలవరకు ఆ లోయలో నది పొడవు 277 మైళ్ళు, అనగా సుమారు 446 కిలోమీటర్లు. పైఅంచునుండి నీటిమట్టమువరకు లోతు కొన్నిచోట్ల ఒక మైలు. లీస్ ఫెరీ వద్ద నీట దిగిన తెప్పకు 225 మైళ్ళు పోవువరకు నదియొడ్డును చేరు బండిత్రోవ లేదు. కావున అచ్చట తెచ్చుకొన్నదే తినవలెను. తిని మిగిల్చినది లోయలోనే యుండవలెను, లేదా తెప్పపైననే తరలిపోవలెను. మూడవ మార్గము లేదు. మన కథకంతటికి మూలము ఈ చిన్న సత్యమే.

ఈ లోయను నదిమార్గమున మొదట ఆసాంతము పరిశోధించిన ఖ్యాతి జాన్ వెస్లీ పావెల్‌కు దక్కినది. అంతర్యుద్ధమున కుడిచేయి కోల్పోయిన ఆయన, మరి తొమ్మండుగురితో కలిసి 1869 మే 24వ తేదీన గ్రీన్ రివర్ పట్టణమునుండి నాలుగు కొయ్యపడవలలో బయలుదేరెను. పది నెలలకు సరిపడు ఆహారము వెంట తీసికొనిరి. జూన్ మాసముననే ఒక పడవ బండలకు కొట్టుకొని ముక్కలయ్యెను. దానితో ఆహారమున కొంతభాగము నీటిపాలయ్యెను. మిగిలినది తడిసి చెడుచు వచ్చెను. ఒకడు మధ్యలోనే యాత్ర విరమించుకొనెను. ఆగస్టులో గ్రాండ్ కాన్యన్ గర్భమున చిక్కినప్పుడు వారికి మిగిలినవి బూజుపట్టిన పిండి, ఎండిన ఆపిలు ముక్కలు, కాఫీగింజలు మాత్రమే. ఆగస్టు 28న ముగ్గురు ధైర్యము సడలి, లోయ యెక్కి వెడలిపోయి, ప్రాణములు కోల్పోయిరి. తక్కిన ఆరుగురు మరి రెండు దినములకు వర్జిన్ నది సంగమమును చేరి బ్రదికి బయటపడిరి. ఆ యాత్రికులు నదియొడ్డున చెత్త వదలిరేమోయని ఎవ్వరును విచారింప నక్కరలేదు. ఆకలిగొన్నవాడు చెత్తను మిగుల్పడు.

పావెల్ తరువాత ఎనుబది యేండ్లవరకు ఆ లోయగుండ నదిపై పోయినవారి సంఖ్య స్వల్పము. 1949 నాటికి మొత్తము సుమారు నూరుగురు మాత్రమే. వారిలో 1938వ సంవత్సరపు బృందము ప్రత్యేకముగ పేర్కొనదగినది. నార్మన్ నెవిల్స్ అను పడవనాయకుడు రుసుము తీసికొని నడపిన ఆ యాత్రలో మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ అను ఇరువురు వృక్షశాస్త్రజ్ఞురాండ్రు పాల్గొనిరి. గ్రాండ్ కాన్యన్‌ను నదిమార్గమున ఆద్యంతము దాటిన మొదటి స్త్రీలు వారే. నదిని చూపి జీవనము గడించుట సాధ్యమని ఆ యాత్ర నిరూపించినది.

అయినను కొయ్యపడవతో సామాన్యుని నదిలోనికి దింపుట కష్టము. బండ తగిలిన కొయ్య పగులును. ఆ కష్టమును తీర్చినది రెండవ ప్రపంచయుద్ధము. యుద్ధానంతరము సైన్యమునకు అక్కరలేని రబ్బరు తెప్పలు, తేలువంతెనలకై చేసిన పెద్ద గాలితిత్తులు చవుకగా అంగళ్ళకు వచ్చెను. రబ్బరు బండకు తగిలి వంగును గాని పగులదు. జార్జీ వైట్ అను స్త్రీ 1950వ దశాబ్దిలో ఇట్టి తెప్పలను మూడింటిని ప్రక్కప్రక్కన కట్టి, ఒక్కమారుగ పలువురిని ఎక్కించుకొని, భయంకరమైన ఉరవడులను దాటించుచు ప్రసిద్ధి కెక్కెను. పడవ పెద్దదయినది, దానిపై మోయదగిన సామాను పెరిగినది, సామానుతోపాటు డబ్బాలును పెరిగినవి.

ఇక డబ్బా సంగతి. ఆహారమును రేకుడబ్బాలో మూసి నిలువయుంచు విద్యకు 1810లోనే ఇంగ్లండున పీటర్ డ్యూరండ్ హక్కుపత్రము పొందెను. కాని పొంగు పానీయములను డబ్బాలో నింపుట అంత తేలిక కాదు. లోపలి వాయువు డబ్బా అతుకులను త్రోయును. పానీయము లోహమును తగిలి రుచి చెడును. అమెరికన్ కాన్ కంపెనీవారు గట్టి ఉక్కురేకుతో, లోపల పూతతో ఈ చిక్కును విడదీసిరి. 1935 జనవరి 24న వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ నగరమున క్రూగర్ అను సంస్థవారి బీరు డబ్బాలలో మొదటిమారు విక్రయమునకు వచ్చెను. నాటి డబ్బా నేటిదానికంటె ఎన్నో రెట్లు బరువు. పైమూతను వాడికొన గల ఒక ఇనుపపనిముట్టుతో పొడిచి తెరువవలెను. ఖాళీయైన పిదప దానిని అణచుట పసివాని పని కాదు; బండపై పెట్టి రాతితోనో గొడ్డలివీపుతోనో మోదవలెను.

నాడు అడవులలోను నదులపైనను విడిది చేయువారికి పెద్దలు నేర్పిన సూత్రము మూడు మాటలది: కాల్చుము, మోదుము, పాతుము. ముందు డబ్బాను నిప్పులో వేయుదురు. లోపల అంటుకొన్న ఆహారపు వాసన పోవును. వాసన లేనిచో జంతువులు గోతిని త్రవ్వవు. పైపూతయు కాలిపోయి, ఉక్కు త్వరగా త్రుప్పుపట్టును. తరువాత మోది చదును చేయుదురు. గొయ్యి చిన్నదయినను చాలును. కడపట పాతిపెట్టి మన్ను కప్పుదురు. నదిపై పోవువారు కొందరు డబ్బాకు చిల్లులు పొడిచి నీట ముంచివేయుటయు కలదు. అది అజాగ్రత్త కాదు, నాటి జాగ్రత్తయే. కంటికి కనబడకుండ చేసినచో పరిశుభ్రమైనట్లేయని ఆ కాలపు భావము. ఏడాదికి పది మందియో ఇరువది మందియో పోవు నదిలో ఆ భావమువలన చెప్పుకోదగిన కీడు కలుగలేదు.

కీడు కలుగకుండుటకు నదియు తోడ్పడినది. ప్రతి సంవత్సరము మేజూన్ మాసములలో రాకీ పర్వతముల మంచు కరగి కొలరాడోకు పెనువరద వచ్చెడిది. ఆ వరద పాత ఇసుకతిన్నెలను కొట్టుకొనిపోయి, క్రొత్త ఇసుకను తెచ్చి పోసెడిది. ముందటేటి బొగ్గులు, ఎముకలు, డబ్బాలు అన్నియు ఆ వరదలో మరుగయ్యెడివి. మన వాకిటిని తెల్లవారుజామున ఊడ్చి కల్లాపి చల్లు ఇల్లాలివలె నది తన తిన్నెలను ఏటేట శుభ్రము చేసికొనెడిది.

ఆ యూడ్పు 1963లో ఆగిపోయెను. లీస్ ఫెరీకి ఎగువన కట్టిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఆ సంవత్సరము మార్చిలో నీటిని నిలుపజొచ్చెను. నది తెచ్చు ఇసుకలో అత్యధికభాగము జలాశయమున అడుగంటిపోయెను. మంచుకరగు వరద లేదు. దానికి మారుగ విద్యుచ్ఛక్తి అవసరమునుబట్టి పగలు హెచ్చుచు రాత్రి తగ్గుచు నీరు వదలుట మొదలయ్యెను. ఆ హెచ్చుతగ్గులు తిన్నెల అంచులను కొరికివేసినవే గాని వానిని తిరిగి నింపలేదు. పాతిపెట్టినది పాతినచోటనే నిలిచెను. ఇసుక జారినచోట పైకి తేలెను. ఎడారి గాలి పొడిది గనుక తేలిన రేకు త్వరగా నశింపదు.

సరిగా ఇదే కాలమున డబ్బాయే మారిపోయినది. 1959లో కొలరాడో రాష్ట్రమునందలి కూర్స్ సంస్థవారు అల్యూమినియముతో, మన ఇండ్లలో సత్తు అని పిలుచు లోహముతో, చేసిన బీరుడబ్బాను బయటికి తెచ్చిరి. ఖాళీ డబ్బా తెచ్చి యిచ్చినవారికి ఒక సెంటు చెల్లించుటకును వారు పూనుకొనిరి. అదే సంవత్సరము ఒహయో రాష్ట్రపు డేటన్ నగరమున ఎర్మల్ ఫ్రేజ్ అను పనిముట్ల నిర్మాత వనవిహారమునకు పోయి, డబ్బా తెరచు పనిముట్టును మరచిపోయి, కారు ముందుకడ్డీకి కొట్టి తెరువవలసి వచ్చెను. ఆ చికాకునుండి పుట్టినది వ్రేలితో లాగిన ఊడివచ్చు మూతనాలుక. 1960వ దశాబ్ది మొదటి సంవత్సరములలో అది అంగళ్ళకు వచ్చెను. 1967 నాటికి ప్రసిద్ధమైన కోలా పానీయములును అల్యూమినియము డబ్బాలలో దొరకజొచ్చెను.

ఈ క్రొత్తడబ్బా నిర్మాణము తెలిసినగాని అణచుటయందలి కిటుకు తెలియదు. పాతడబ్బా మూడు ముక్కలది: ఒక గొట్టము, రెండు మూతలు. క్రొత్తది రెండే ముక్కలు. గుండ్రని బిళ్ళను గిన్నెవలె నొక్కి, దాని గోడను వలయములగుండ సాగదీసి పలుచన చేయుదురు. పిదప పైమూత బిగింతురు. గోడ మందము ఇంచుమించు మిల్లీమీటరులో పదవవంతు. ఇంత పలుచని గోడ నిండుడబ్బాలో ఎట్లు నిలుచునన్నచో, లోపలి వాయువే దానికి బలము. గాలి నింపిన సైకిలు చక్రమువలె అది బిగిసియుండును. మూత తెరచిన తోడనే ఆ బలము పోవును. అప్పుడును నిలువునా పెట్టి మెల్లగా బరువు వేసిన కొంత తాళును. గోడకు వ్రేలితో చిన్న సొట్ట పెట్టి కాలు మోపినచో క్షణములో కూలును. ఉక్కుడబ్బాను చదును చేయుట కూలిపని. సత్తుడబ్బాను చదును చేయుట ఆట.

తెరచుట సులువు, మోయుట సులువు, పారవేయుట అంతకంటె సులువు. ఇట్టి వస్తువు చేతికి వచ్చిన సమయముననే నదికి జనము విరుగబడి వచ్చిరి. గ్రాండ్ కాన్యన్ నదియాత్రల లెక్కలు ఈ సంగతిని స్పష్టపరచుచున్నవి. 1955లో పోయినవారు 70 మంది. జలాశయము నిండుచున్నందున నదిలో నీరు తగ్గిన 1964లో 38 మంది. అటుపిమ్మట 1966లో 1,067, 1968లో 3,609, 1970లో 9,935, 1972లో 16,432. ఎనిమిదేండ్లలో నాలుగువందల రెట్లకు మించిన పెరుగుదల. రాత్రి విడిది చేయదగిన తిన్నెలు మాత్రము పెరుగలేదు, పైగా తరుగుచుండెను. ప్రతి తిన్నెపై నిన్నటివారి బూడిద, మొన్నటివారి గొయ్యి, అంతకు ముందువారి రేకు. లాగి పారవేసిన మూతనాలుకలు ఇసుకలో దాగి వట్టికాళ్ళతో నడచువారి పాదములను కోసినవి.

కాల్చుము, మోదుము, పాతుము అను సూత్రము ఇక్కడ తెగిపోయెను. పదిమందికి సరిపడిన నీతి పదివేలమందికి సరిపడదు. 1968 అక్టోబరు 2న అమెరికా ప్రభుత్వము సహజ సుందర నదుల రక్షణశాసనమును చేసి, మొదట ఎనిమిది నదులను దాని క్రిందికి తెచ్చెను. ఆరెగన్ రాష్ట్రపు రోగ్ నది, ఐడహో రాష్ట్రపు సామన్ నది మధ్యశాఖ వానిలోనివి. గ్రాండ్ కాన్యన్‌లో జాతీయవనముల శాఖవారు యాత్రికుల రాకను 1972 నాటి స్థాయిని మించనీయక కట్టడి చేసిరి. నిప్పు నేలపై కాక ఇనుపపళ్ళెములో వేయవలెననియు, బూడిదతో సహా చెత్తనంతను మోసికొనిపోవలెననియు నియమములు క్రమముగ వచ్చెను. కడపట మలమును గూడ మూతపెట్టెలలో వెంట తీసికొనిపోవలసిన నియమము వచ్చెను. 1979లో నదికంతటికి ఒక నిర్వహణ ప్రణాళిక యేర్పడెను. పాత మూడుమాటల సూత్రమునకు మారుగ, తెచ్చినదంతయు తీసికొనిపొమ్ము అను సూత్రము వాడుకకు వచ్చినది.

శ్రోతలు గమనింపవలసిన దేమనగా, కాల్చుట పోయినది, పాతుట పోయినది. మధ్యనున్న మోదుట మాత్రము నిలిచినది. నిలుచుటకు కారణము గణితము. నేటి నియమముల ప్రకారము సొంతముగ పోవు ఒక బృందమున 16 మందికి మించరాదు. వారు 16 దినములు నదిపై నుందురనియు, తల ఒక్కింటికి దినమునకు మూడు డబ్బాలు త్రాగుదురనియు అనుకొందము. మొత్తము 768 డబ్బాలు. ఒక్కొక్క ఖాళీ డబ్బా బరువు సుమారు 13 గ్రాములు. అన్నియు కలిసిన 10 కిలోలు మాత్రమే. పసిపిల్లవాని బరువుతో సమానము. కాని చోటు సంగతి వేరు. 355 మిల్లీలీటర్ల డబ్బా 12 సెంటీమీటర్లకు కొంచెము మించిన ఎత్తు, 6.6 సెంటీమీటర్ల అడ్డుకొలత గలది. 768 డబ్బాలు ఆక్రమించు చోటు రమారమి 320 లీటర్లు. అనగా మన పాత కిరసనాయిలు డబ్బాలు 18 నిండును. మధ్యనుండు సందులను కలిపిన ఇంకను ఎక్కువ. ఐదవవంతు ఎత్తునకు అణచినచో మూడున్నర కిరసనాయిలు డబ్బాలలో ఇముడును. అణచుటవలన బరువు ఒక్క గ్రామైనను తగ్గదు. తగ్గునది వట్టి గాలి. తెప్పపై ఖరీదైనది బరువు కాదు, చోటు. చోటు చాలనివాడు చెత్తను దాచుటకు పొదలను వెదకును. చోటు చాలినవాడు నిజాయితీగా నుండుట సులభము.

అనుభవము మరికొన్ని మెలకువలను నేర్పినది. డబ్బాను అణచుటకు ముందు కడుగవలెను. లేనిచో తీపికి చీమలును కందిరీగలును మూగి తరువాత వచ్చు బృందమును బాధించును. అణచిన రేకు అంచులు వాడిగా నుండును. రబ్బరు తెప్పకు అవి శత్రువులు. కావున దళసరి సంచిలోనో, సైన్యము తూటాలకై వాడిన ఇనుపపెట్టెలోనో వేసి బిగించి కట్టవలెను. ఊడివచ్చు నాలుక సమస్యను 1975లో రేనాల్డ్స్ సంస్థకు చెందిన డేనియల్ కడ్జిక్ రూపొందించిన మూత తీర్చినది. అందు నాలుక లోపలికి వంగును గాని ఊడదు. ఆనకట్టయు చిత్రమైన యొక ఉపకారము చేసినది. జలాశయపు లోతులనుండి వదలిన నీరు అనేక దశాబ్దములు వేసవిలో సైతము అతిశీతలముగ నుండెను. డబ్బాలను వలసంచిలో కట్టి తెప్పవెనుక నీట వ్రేలాడదీసిన మంచుగడ్డతో పనిలేదు. ఆ చలువయే నదిలోని స్థానికపు చేపలకు కీడు చేసినది. ఒకే నీరు యాత్రికునికి సౌఖ్యము, చేపకు ఆపద.

అణచుట అన్నిచోట్లను సరియైన పనియేనా? కాదు. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆరెగన్ రాష్ట్రము 1971లో సీసాలను, డబ్బాలను గూర్చి శాసనము చేసెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో అది అమలునకు వచ్చెను. కొనునప్పుడు డబ్బాకు కొంత సొమ్ము ధరావతుగా చెల్లించి, ఖాళీది తిరిగి యిచ్చి ఆ సొమ్ము పొందవచ్చును. ఊడివచ్చు నాలుకలను ఆ శాసనము నిషేధించెను. 2017లో ఆ ధరావతును 5 సెంట్లనుండి 10 సెంట్లకు పెంచిరి. కాని ఖాళీ డబ్బాను తీసికొను యంత్రము దానిపై నున్న గీతల గుర్తును చదువవలెను. అణచిన డబ్బాపై ఆ గుర్తు చదువరాదు, సొమ్ము రాదు. అందువలన రోగ్ నదిపై పోవు తెప్పవానికి ఒక ధర్మసందేహము: చోటు మిగుల్చుకొనుటా, సొమ్ము మిగుల్చుకొనుటా? మిశ్రమచెత్తను యంత్రములతో వేరుచేయు కొన్ని కర్మాగారములును చదునైన డబ్బాను కాగితమని పొరబడును. వారును అణచవద్దనియే కోరుదురు. ఒక నదికి ధర్మమైనది మరియొక నదికి నష్టము. కావున అణచుట వ్రతము కాదు, ఉపాయము. ఉపాయమును దేశకాలములనుబట్టి వాడవలెను.

అణచుటకును తీసికొనిపోవుటకును జనులు ఇష్టపడనిచోట ఏమి జరుగునో టెక్సస్ రాష్ట్రపు న్యూ బ్రాన్‌ఫెల్స్ పట్టణము తెలుపుచున్నది. అచ్చటి కోమల్, గ్వాడలూప్ నదులలో వేసవియందు వేలకొలది జనులు గాలినింపిన రబ్బరు వలయములపై కూర్చుండి తేలుచు పోవుదురు. వారు వదలిన డబ్బాలు నదిగర్భమున చేరినవి. 2011లో ఆ పట్టణపు ఓటర్లు తమ పరిధిలోని నదులపైకి ఒకమారు వాడి పారవేయు పాత్రలనే తేరాదని ఓటుతో నిర్ణయించిరి. వ్యాపారులు న్యాయస్థానములకెక్కిరి, ఆ నియమము కొంతకాలము నిలిచిపోయి, మరల అమలునకు వచ్చెను. స్వయముగ పాటింపని నియమము ఇతరులచే కఠినతరముగ విధింపబడును.

మన దేశమునను ఈ ప్రశ్న తలయెత్తినది. రిషీకేశమునకు ఎగువన గంగపై తెప్పల విహారము వృద్ధియైన పిమ్మట తీరపు ఇసుకపై గుడారముల వరుసలు వెలసెను. 2015 డిసెంబరులో జాతీయ హరిత న్యాయాధికరణము కౌడియాలానుండి రిషీకేశమువరకు నదితీరపు విడిదులను ఆపివేసి, తెప్పల విహారమును మాత్రము సాగనిచ్చెను. నీటిపై తేలిపోవువానికంటె ఒడ్డున రాత్రి గడపువాడే ఎక్కువ జాడ వదలునను సంగతిని ఆ నిర్ణయము గుర్తించినది. గంగయైనను కొలరాడోయైనను ఇసుకతిన్నె స్వభావము ఒక్కటే.

తెలుగుదేశపు ఇండ్లలో ఖాళీ డబ్బాకు వేరొక చరిత్ర కలదు. కిరసనాయిలు డబ్బా ఖాళీయైన తోడనే దాని పైరేకు కోయించి, అడ్డముగ కర్రపట్టి కొట్టించి, నీళ్ళు తోడుకొనెడివారు. అది చిల్లిపడిన తులసిమొక్కకు కుదురయ్యెడిది. అటుపిమ్మట పాత యినుము కొనువాని గంపలోనికి పోయెడిది. సత్తుగిన్నె సొట్టపోయినను తూకమునకు విలువ కట్టెడివారు. ఖాళీ యను మాటకు పనికిరానిదను అర్థము మనకు నిన్నమొన్నటిదే. ఒకమారు త్రాగి పారవేయు డబ్బా ఆ మాటకు ఆ యర్థమును తెచ్చినది.

విజ్ఞానశాస్త్రము మన అవ్వల పక్షముననే యున్నది. రాతిఖనిజమునుండి క్రొత్తగ అల్యూమినియమును తీయుటకు మిక్కిలి విద్యుచ్ఛక్తి పట్టును. పాతడబ్బాను కరగించి తిరిగి వాడినచో ఆ శక్తిలో సుమారు 95 వంతులు ఆదా యగును. పైగా ఆ లోహమును ఎన్నిమారులైనను కరగించి పోయవచ్చును. లోయలోనుండి మోసికొనివచ్చిన అణగిన రేకు ముద్ద చెత్తయని పేరేగాని నిజమునకు ఖనిజము. కొలరాడో నది ఆనకట్టలు పుట్టించు విద్యుచ్ఛక్తి ఎంత అమూల్యమో తెలిసినవారు ఆ రేకును నదిలో విడుచుట రెండింతల నష్టమని గ్రహింతురు.

కడపట ఒక విశేషము. పశ్చిమ అమెరికాలో పాత గనుల వద్దను విడిదిచోట్లను త్రవ్వు పురావస్తు శాస్త్రజ్ఞులకు రేకుడబ్బా మంచి సాక్షి. అతుకు వేసిన తీరునుబట్టి, తెరచిన రంధ్రపు ఆకారమునుబట్టి, అచ్చట మనుష్యులు ఏ కాలమున నివసించిరో వారు చెప్పగలరు. యాబది యేండ్లు గడచిన వస్తువును చారిత్రకదృష్టితో పరిశీలించుట అచ్చటి సంప్రదాయము. ఒకనాడు చెత్తగ పాతిపెట్టిన డబ్బాయే నేడు లెక్కకెక్కిన చారిత్రకవస్తువగుట కలదు. కాని కాల్చి పాతిన తరముల జాడ దొరకినట్లు, అణచి మోసికొనిపోయిన తరముల జాడ రేపటి శాస్త్రజ్ఞునకు కొలరాడో తిన్నెలపై దొరకరాదు. చరిత్రలో తమ గుర్తు నిలువవలెనని కోరుట మానవస్వభావము. రాజులు శిలలపై చెక్కించుకొనిరి. సామాన్యులు కొండరాళ్ళపై పేర్లు గీసికొనిరి. తమ గుర్తు నిలువకుండుటకై కష్టపడి, సాయంకాలమున తిన్నెపై నిలిచి, ఒక్కొక్క డబ్బాను కాలిక్రింద అణచి సంచిలో వేసికొను మనుష్యులు చరిత్రలో అరుదు. వారినిగూర్చి రేపటి తిన్నె ఏమియు చెప్పకపోవుటయే వారికి దక్కవలసిన గౌరవము.